సీసా అడుగు మడ్డి

“దీన్ని తాగి మనిషి సచ్చిపోయినాడంటాండారు సిస్టరమ్మా. అవునో కాదో నువ్వే తేల్చల్ల.”

కుర్చీ చూపించినా ముసలాయన కూర్చోలేదు. సంచిలోంచి తీసిన సీసాను బల్ల మీద పెట్టి, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు మూత మీద చెయ్యి వేసే ఉంచాడు. మద్దిలేటి మంచినీళ్ళ చెంబు అందించాక గానీ ఆ చెయ్యి సీసాను వదల్లేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. హిందూపురం రైల్వేస్టేషను రోడ్డులో టైలరు షాపు మీదున్న ఒంటిగదే మరియమ్మ ఆఫీసు. సర్వీసంతా ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, ముందుగానే రిటైరై, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. మొదట్లో ఆ బోర్డు చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు మెట్లెక్కి వస్తున్నారు. అసిస్టెంటు మద్దిలేటి ఒకప్పుడు ఆర్టీసీ కండక్టరు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరింటి కుక్క కరుస్తుందో అతనికి తెలుసు. మనిషి గోళ్ళు చూసి ఆ పూట ఏం తిన్నాడో మరియమ్మ చెప్పేయగలదని అతని గట్టి నమ్మకం.

వచ్చినాయన ఎల్లప్ప. పెనుకొండలో తాతల నాటి నుంచి చెట్టుమందులు ఇచ్చే ఇల్లు. ఉలిమిరి చెట్టు చెక్క, పల్లేరుకాయలు మరిగించి వడగట్టిన ఆయన కషాయానికి ఈ మధ్య బాగా పేరొచ్చింది. వయసు మళ్ళిన మగవాళ్ళకు ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కేస్తుంది. రాత్రంతా లేవడమే పని, లేచినా బొట్టు బొట్టుగా తప్ప రాదు. ఆపరేషనంటే భయం, ఇంట్లో చెప్పుకోవాలంటే సిగ్గు. అట్లాంటివాళ్ళు మండలాలు దాటి ఎల్లప్ప దగ్గరికి వస్తున్నారు.

చనిపోయింది చెన్నేకొత్తపల్లి రైతు బాలప్ప. ఒక సీసా మందు తాగి, బాగుందని పదిమందికీ చెప్పాడు. సీసా అయిపోయిన రోజు పొద్దున్నే పశువుల కొట్టంలో, మేత వేసే గాడి రాయికి తల కొట్టుకుని పడిపోయి ఉన్నాడు.

“కొడుకు నాగేంద్ర కేసు పెట్టినాడు. నేను విషం కలిపినానంట. పోస్టుమార్టం కాయితాలు రానీ నీ సంగతి చూస్తానన్నాడు ఎస్సై. జైలుకు భయం లేదమ్మా. బాలప్ప నాకు చిన్నప్పటి సావాసగాడు. నా మందే వాన్ని చంపిందా? అదొక్కటి తెలిస్తే చాలు.”

“నువ్వు తాగుతావా ఎల్లప్పన్నా ఈ మందు?”

“నేను తాగంది ఎవురికీ ఇయ్యను. మా తాత పెట్టిన కట్టు అది. వచ్చినోళ్ళ ముందర జాడీలోంచి నేనొక గుక్క తాగల్ల, ఆ జాడీలోంచే వాళ్ళకు పోయల్ల. ఈ సీసా కూడా ఆ జాడీలోదే. అయినా నాకూ ఇదే జబ్బు కదా.”

“తగ్గిందా?”

“ఏండ్ల తరబడి తాగినా అంతంత మాత్రమే. ఈ ఉగాది పోయినాక చూడు, కొళాయి తిప్పినట్టే.” మాట జారినందుకు ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. “అంతకుముందు ధర్మవరంలో ఒక డాక్టరు మాత్రల అట్ట చేతిలో పెట్టినాడు. ఇంటికొచ్చి దిబ్బలో పారేసినా. మా ఇంట్లో పుట్టి ఆ మాత్రలు మింగితే మా తాత మొగాన ఉమ్మినట్టే.”

మరియమ్మ సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. పైన తేట. అడుగున టీ పొడి రంగులో మడ్డి. దాని కింద పలచగా ఇంకో పొర, బియ్యం కడిగిన నీళ్ళ రంగులో.

“ఈ కింద తెల్లగా ఉన్నదేందన్నా?”

“నా కండ్లకు పొరలొచ్చినాయమ్మా, నాకేం కనపడుతుంది. చెక్క మడ్డి అయ్యుంటుంది. అది తాగేది కాదు. కదిలించకుండా తేట తాగి మడ్డి పారేయమని అందరికీ చెప్తా.”

వెళ్ళడానికి లేచినవాడు బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

“కండ్లు తిరుగుతాయా?”

“లేసినప్పుడు మాత్రం. ఈ మధ్యనే. వయసు కదమ్మా.”

సీసాను మరియమ్మ ఆయనకు తిరిగి ఇవ్వలేదు. బెంగుళూరులో తనకు తెలిసిన డాక్టరుకు పరీక్ష కోసం ఆ రోజే పంపించింది.

*

చెన్నేకొత్తపల్లిలో బాలప్ప ఇంటి వసారాలో నాగేంద్ర అడ్డంగా నిలబడ్డాడు.

“విషం పెట్టినోడి తరఫున వచ్చినావా? దుడ్లు ఎంత ఇచ్చినాడు?”

“ఇంకా ఇయ్యలేదప్పా,” అంది మరియమ్మ. “ఇచ్చినాక వచ్చి చెప్తాలే. కూర్చోమంటే కూర్చుంటాం. ఎండన పడి వచ్చినాం.”

లోపల్నుంచి అతని తల్లి నారాయణమ్మ మూడు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. తిట్టడానికి వచ్చినవాళ్ళో, సాయానికి వచ్చినవాళ్ళో తెలియకుండానే ముందు దాహం తీర్చిన ఆ ముసలామె దగ్గర మద్దిలేటి గ్లాసును రెండు చేతులతో అందుకున్నాడు. నాగేంద్ర తిడుతూనే తాగాడు. గ్లాసు ఖాళీ కాగానే చెంబులోంచి కాసిని నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పి, అవీ తాగేసి బోర్లించాడు. గ్లాసు తళతళలాడింది. మద్దిలేటి గ్లాసులో తెల్లటి చారలు మిగిలాయి. నారాయణమ్మ ఆ చారల వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. మద్దిలేటికి ఎందుకో తప్పు చేసినట్టనిపించింది.

“నాయన ఎట్లా పడినాడు?” అడిగింది మరియమ్మ.

“ఆవు దగ్గర గొంతుకూర్చుని పాలు పిండుతాండె,” నారాయణమ్మ చెప్పింది. “నేను లోపల అర్రలో ఉన్నా. దబ్బున శబ్దమైంది. పోయి చూస్తే గాడి పక్కన... పాలచెంబు మాత్రం పక్కన పెట్టే లేచినాడమ్మా. ఒక్క చుక్క ఒలకలే.”

“దూడ గానీ, ఆవు గానీ తన్నిందా?”

“మా ఆవు పసిబిడ్డ పోయి పొదుగు పట్టినా కదలదు.”

నాగేంద్ర మధ్యలో అందుకున్నాడు. “ఆ సంగతులొద్దు. మందు సీసా సంగతి అడగండి. పోలీసులు తీసుకుపోయినారు. లోపల చుక్క లేదు, మరక లేదు, కొత్త సీసా మాదిరి ఉండాది. విషం కాకుంటే ఎవురు కడుగుతారు?”

“అక్కా, నువ్వు కడిగినావా?”

“నేనెందుకు కడుగుతానమ్మా. ఈ ఇంట్లో ఎవురూ కడగలే.”

“ముందురోజు ఎవరైనా వచ్చినారా?”

“హిందూపురం నాగరాజు. మెడికల్ షాపాయన. ఎల్లప్ప మందును క్యాప్సూల్ చేసి అమ్మల్లని తిరుగుతాండాడు. తాగినోళ్ళను ఎట్లుండాదని అడుగుతా, సీసా చేతికి తీసుకుని తిప్పితిప్పి చూసినాడు.”

తిరుగు బస్సులో మద్దిలేటి ఉండబట్టలేకపోయాడు. “నాగరాజే మేడం. ఎల్లప్ప మందు రహస్యం ఇయ్యనన్నాడు. జైలు భయం పెడితే ఆ ముసలోడు దారికొస్తాడని బాలప్ప సీసాలో ఏదో కలిపి, తర్వాత సీసా కడిగించినాడు.”

“ఎవరితో కడిగించినాడు?”

“అదొక్కటే తెలియాల,” అన్నాడు మద్దిలేటి.

“అంతే మద్దిలేటీ. అదొక్కటి తెలిస్తే కేసు అయిపోయినట్టే,” అంది మరియమ్మ. ఆమె వేళాకోళం చేయడం లేదని అతనికి తర్వాత గానీ అర్థం కాలేదు.

*

వాళ్ళు పెనుకొండలో ఎల్లప్ప ఇంటికి వెళ్ళేసరికి నాగరాజు అక్కడే ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

“ఎల్లప్ప పేరు మీద కేసుంటే క్యాప్సూల్ చేసే బెంగుళూరు కంపెనీవాళ్ళు మందును ముట్టుకోరు మేడం. తొందరగా తేల్చండి,” అన్నాడు.

“ఈ జబ్బుకు ఇంగ్లీషు మాత్రలు మీ షాపులో పోతాయా?”

“పోతాంటాయి. ఈయన కషాయం వచ్చినాక పెనుకొండ వైపు అడిగేవాళ్ళే లేరు. నేను వెంటపడేది అందుకే కదా.”

ఎల్లప్ప భార్య చౌడమ్మ గడప దగ్గర కూర్చుని వక్కను పండ్లతో పటుక్కున కొరికి, ఆకులో చుట్టుకుంటోంది. “వక్క ముక్కలు చేయకుండానే నములుతావా అక్కా?” అన్నాడు మద్దిలేటి.

“ఈయన కండ్లు పోయినాయి గానీ నా పండ్లు పోలేదప్పా. రాయి ఇచ్చినా కొరుకుతా.”

ఆమె పక్కనే ఆకువక్క దంచుకునే చిన్న ఇత్తడి రోలు ఉంది. లోపలంతా బంగారంలా మెరుస్తోంది. మరియమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

“ఇదెవరిది?”

“మా అత్తది. ఆమెకు పండ్లు లేవు. పోయి శానా కాలమైంది. గుర్తుకు పెట్టుకున్నా.”

మరియమ్మ రోలును మెల్లగా కింద పెట్టింది. “ఎల్లప్పన్నా, మందు ఎట్లా పోసిస్తావో చూపించు.”

ఆయన లోపలి అర్రలోంచి జాడీ తెచ్చాడు. చెక్క గరిటెతో అడుగు నుంచి బాగా కలిపాడు. ముందు తానొక గుక్క తాగాడు. తర్వాత సీసాలోకి వంచాడు. చౌడమ్మ ఆయన చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

“ఎప్పుడైనా పుట్టింటికి పోతాంటావా అక్కా?”

“పుట్టిల్లు యాడుంది. ధర్మవరంలో చెల్లెలుంది, మగ్గం నేస్తారు. అప్పుడప్పుడు పోయొస్తాంటా.”

“ఆసుపత్రికి తోడు నువ్వే పోయినావా, ఆయన మాత్రలు తెచ్చుకున్నప్పుడు?”

“పోయినా. ఈయన నా మాట ఎప్పుడు ఇన్నాడు గానీ,” అంది చౌడమ్మ. ఆ తర్వాత ఆకు నమలడం మానేసింది.

బయటికొచ్చాక మరియమ్మ ఒక కాగితం మీద, ప్రోస్టేట్‌కు డాక్టర్లు ఇచ్చే మాత్ర పేరు రాసిచ్చింది. “ధర్మవరంలో మెడికల్ షాపులన్నీ తిరిగి రా. నాగరాజు సంగతి అడగొద్దు. ఇది ఎవరు కొంటున్నారో అడుగు.”

ధర్మవరంలో మద్దిలేటి మగ్గాల చప్పుడు వినపడే సందులన్నీ తిరిగాడు. చివరికి స్టేషను దగ్గరి చిన్న షాపులో దొరికింది మాట. “ఒక పెద్దామె వస్తుందన్నా. నోరంతా ఎర్రగా ఉంటాది. ఖాళీ అట్ట చూపించి ఇదే ఇయ్యమంటాది. ఉగాది నుంచి వస్తాంది. మా ఆయన బాగుండాడు నాయనా, నీకు పుణ్యముంటాదని దండం పెట్టి పోతాది.”

మద్దిలేటికి బస్సెక్కాలనిపించలేదు. టీ తాగాడు. ఇంకొకటి తాగాడు. మరియమ్మకు ఏ మొహంతో చెప్పాలా అనుకున్నాడు గానీ, ఆమెకు ముందే తెలుసని అతనికి తెలుసు.

*

పోస్టుమార్టం కాగితం, బెంగుళూరు నుంచి రిపోర్టు చేరాక, మరియమ్మ అందరినీ బాలప్ప ఇంటి వసారాలో కూర్చోబెట్టింది. ఎస్సై కుర్చీలో, నాగరాజు అరుగు మీద, నాగేంద్ర స్తంభానికి ఆనుకుని. ఎల్లప్ప, చౌడమ్మ ఒక పక్కన చాప మీద. నారాయణమ్మ వాకిలి లోపల నిలబడింది.

“బాలప్ప ఒంట్లో విషం లేదు,” అంటూ మొదలుపెట్టింది మరియమ్మ. “తల దెబ్బకే పోయినాడు. అయితే మనిషి ఎందుకు పడినాడు? ఆవు తన్నలేదు. జారలేదు, పాలచెంబు పక్కన పెట్టి నిదానంగా లేచినాడు. గొంతుకూర్చున్న మనిషి లేచీ లేవగానే పడినాడు. ఇంకొకాయన కూడా లేవగానే తూలేది నేను చూసినా. మా ఆఫీసులో ఎల్లప్పన్న.”

ఎల్లప్ప తల పైకెత్తాడు.

“నర్సుగా నేను ఇట్లాంటివాళ్ళను శానామందిని చూసినా. ప్రోస్టేట్‌కు ఇచ్చే మాత్ర ఒకటుంది. మూత్రం దారిని సడలిస్తుంది. రక్తపోటునూ దించుతుంది. అలవాటయ్యేదాకా, లేదా మోతాదు ఎక్కువైతే, లేచి నిలబడగానే కండ్లు బైర్లు కమ్ముతాయి. అది నీళ్ళలో సరిగ్గా కరగదు. పొడి చేసి కలిపితే తెల్లగా అడుగుకు దిగుతుంది. ఎల్లప్పన్న సీసా అడుగున ఉన్నది అదే. బెంగుళూరులో తేల్చినారు.”

అందరూ నాగరాజు వైపు తిరిగారు. “నాకేం తెలియదు,” అన్నాడు నాగరాజు లేస్తూ.

“నీకు తెలియదు, కూర్చో. మాత్ర కలిసింది బాలప్ప సీసాలో కాదు, జాడీలో. అర్రలో ఉండే జాడీ దగ్గరికి నువ్వు పోలేవు. కలిపింది ఈ ఉగాది అప్పటి నుంచి. ఏండ్లుగా పనిచేయని మందు అప్పుడే ఉన్నట్టుండి ఎందుకు పనిచేసింది? చెట్టు మారలేదు, చెక్క మారలేదు. రాయినైనా కొరికే పండ్లున్నామెకు వక్క దంచే రోలెందుకు? పోయిన అత్త గుర్తుకు పెట్టుకున్న ఇత్తడి నల్లబడాల. ఆ రోలు దినమూ తోమినట్టుంది.”

చౌడమ్మ దాచలేదు. కొంగు సర్దుకుని ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడింది.

“దిబ్బలో పారేస్తే ఏరుకొచ్చినా. ఒంటికి రాక గోడకు తల బాదుకుంటాంటే ఎట్ల చూస్తా ఉండేది? చెప్తే మింగడు. ఆయన తాగే జాడీలోనే పొడి చేసి వేసినా. రెండో పొద్దుకే బాగైంది. నా మందు గెలిచింది చౌడీ అని పిల్లోని మాదిరి ఎగిరినాడు. ఆ నవ్వు చూసినాక యాడ చెప్పేది?”

“మిగతావాళ్ళకు కూడా అదే పోస్తున్నాడని తెలియదా?” అన్నాడు ఎస్సై.

“తెలుసు. వాళ్ళకూ బాగైతాండె కదా సామీ. మంది పెరిగేకొద్దీ కషాయం ఎక్కువ కాస్తాండె, పొడి పలచనై ఈయనకు చాలక మళ్ళీ ఒంటికి కట్టుకుంటాండె. అందుకని ఇంకొన్ని ఎక్కువ వేస్తాంటి.”

“మరి సీసా కడిగిందెవరు?” నాగేంద్ర అడిగాడు. “అది చెప్పు. కడగకుంటే అట్లెట్లుంటాది?”

మరియమ్మ అతని వైపు తిరిగింది. “మేము మజ్జిగ తాగిన రోజు నువ్వు గ్లాసును ఏం చేసినావు నాయనా?”

నాగేంద్ర చూపు తన చేతుల మీదికి దిగింది.

“ఈ ఇంట్లో ఏదీ పారేయరు. అడుగున మిగిలింది కాసిని నీళ్ళతో తిప్పి తాగేస్తారు. మడ్డి పారేయమని ఎల్లప్పన్న చెప్పినాడు. బాలప్పకు మనసొప్పలేదు. సీసా అంతట్లో దిగిన పొడి ఒక్కసారిగా కడుపులోకి పోయింది. తర్వాత పాలు పిండడానికి కూర్చున్నాడు.”

“నీళ్ళు పోసింది నేనే.”

వాకిలి లోపల నుంచి వచ్చిన ఆ గొంతు నారాయణమ్మది. “సీసా పట్టుకొని పొయ్యి కాడికి వచ్చినాడు. కాసిన్ని పోయమే అన్నాడు. పోసినా. కడిగినావా అంటే కడగలేదని చెప్పినా. అది కడగడమని నాకు తట్టలేదమ్మా.”

నాగేంద్ర స్తంభం దగ్గర నుంచి జారి కింద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరినో ఒకర్ని నరకాలని ఉన్నవాడికి నరకడానికి మనిషి లేకుండా పోయాడు. నాగరాజు చెప్పులేసుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

ఎస్సై టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “చంపాలని చేసింది కాదు. అయినా మనిషి పోయినాడు, కేసు ఉంటాది. రేపు స్టేషనుకు రామ్మా. నువ్వూ రా పెద్దాయనా. ఆ జాడీ తీసుకురండి.”

ఎల్లప్ప వినలేదు. మరియమ్మనే చూస్తున్నాడు.

“నా మందు చంపలేదు కదా సిస్టరమ్మా?”

“లేదన్నా. నీ మందు చంపలేదు.”

“మరి బాగు చేసిందా?”

ఇక్కడ ఒక్క అబద్ధం చెబితే ఏం పోతుందనిపించింది మద్దిలేటికి. చెప్తుందేమోనని కూడా ఆశపడ్డాడు. మరియమ్మ వచ్చి ముసలాయన ముందు చాప మీద కూర్చుంది.

“తెలియదన్నా. తగ్గిందని చెప్పినోళ్ళందరూ ఆ మాత్ర కూడా తాగినోళ్ళే. నీ చెక్క వల్ల ఎంత తగ్గింది, అసలు తగ్గిందా లేదా, వాళ్ళను చూసి ఎవరూ చెప్పలేరు. అది కొంచెమైనా పనిచేసిందేమో. ఏమీ చేయలేదేమో.”

“అయితే మా తాత మందు కూడా...” అని ఆగిపోయాడు ఎల్లప్ప. ఆ మాట ఎటు పోవాలో ఆయనకే తెలియలేదు.

నారాయణమ్మ వాకిలి దాటి వచ్చింది. చౌడమ్మ లేవబోయింది, భయంతో. నారాయణమ్మ ఆమెను కొట్టలేదు, ఓదార్చలేదు. ఎండ పడుతున్న వైపు నుంచి చాపను నీడలోకి లాగి, “ఈ పక్క కూర్చో,” అని లోపలికి పోయింది. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన దయ అంతే. మద్దిలేటి మాత్రం దాన్ని చాలాకాలం మర్చిపోలేదు.

*

ఆ ఇద్దరినీ పెనుకొండలో దింపి రమ్మని మరియమ్మ మద్దిలేటిని వెంట పంపింది. బస్సు రావడానికి టైముంది. రిపోర్టు వచ్చేదాకా మందు తాగొద్దని మరియమ్మ ముందే చెప్పడంతో ఎల్లప్ప జాడీ ముట్టి కొన్ని రోజులైంది. ఒంటికని షాపుల వెనక్కి పోయి చాలాసేపటికి తిరిగొచ్చాడు. నుదుటి మీద చెమట. రాయి మీద కూర్చుని, మళ్ళీ లేచి, మళ్ళీ వెనక్కి పోయి వచ్చాడు. పొత్తికడుపు మీద చెయ్యి ఉంది.

చౌడమ్మ నడుముకు దోపుకున్న సంచి విప్పింది. అట్టలోంచి మాత్ర నొక్కి తీసి, మొదటిసారి పొడి చేయకుండా, అరచేతిలో పెట్టి చాచింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఎల్లప్ప దాన్ని చూశాడు. పొరలు కమ్మిన కళ్ళకు కనిపించిందో లేదో, తడిమి అందుకున్నాడు. నీళ్ళు అడగలేదు. మింగి, గొంతు రుద్దుకుని, రోడ్డు వైపు తిరిగాడు.

బస్సొచ్చింది. ఎల్లప్ప ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. చౌడమ్మ దాన్ని దాటుకుని వెనక్కి పోయి, చివర ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది. మద్దిలేటి ఎక్కడ కూర్చోవాలో తోచక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

కండక్టరు వచ్చాడు. “యాడికి తాతా? ఎంతమంది?”

“పెనుకొండ,” అన్నాడు ఎల్లప్ప. “ఒకటి.”